మైకు పర్మిషన్ మీద సంతకం పెట్టేవారికి బహిరంగ లేఖ

గోదావరి డెల్టా జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు, డీఎస్పీలకు నమస్కారం.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఉండేది కోనసీమలో, కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్లో. ఈ ఉత్తరం రాత్రిళ్లు మోగే డీజేల గురించి, తెల్లవారకముందే మొదలయ్యే మైకుల గురించి. బాక్సులు పెట్టిన కుర్రాళ్ల మీద మీకు ఫిర్యాదు చేద్దామని రాయడం లేదు. నా ఫిర్యాదు మీ మీదే. ఊళ్లో చప్పుడు అదుపు చేసే పని చట్టం మీకు అప్పజెప్పింది. మీరేమో దాన్ని తీసుకెళ్లి పక్కింటివాడి నెత్తిన పెట్టారు.

ఎలాగంటారా? ఏ ఊళ్లోనైనా సరే, రాత్రి పదకొండింటికి డీజే మోగుతుంటే ఏం జరుగుతుందో చూడండి. ఎవరో ఒకరు ఫోన్ చేస్తే తప్ప ఎవరూ రారు. అడిగితే "కంప్లైంట్ ఏమీ రాలేదండి" అంటారు. కంప్లైంట్ ఎందుకు రాదో చెప్తాను, వినండి.

కిందటి మాఘంలో మా పక్క వీధిలో పెళ్లికొడుకుని ఊరేగించారు. ట్రాక్టరు ట్రక్కు మీద మనిషెత్తు బాక్సులు, వెనక జనరేటరు, ముందు డాన్సు చేసే కుర్రాళ్లు. ఆ వీధిలో ఒకింట్లో పురిటికొచ్చిన ఆడపిల్ల ఉంది, ఒళ్లో నెల తిరగని బిడ్డ. బండి సరిగ్గా వాళ్ల గుమ్మం ముందే ఆగింది. అక్కడ వీధి కాస్త వెడల్పు, ఎగరడానికి వీలు. వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. తల్లి పసిదాని చెవులు రెండు అరచేతులతో మూసి పట్టుకుంది. ఆ బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే నోరు తెరుచుకోవడం కనిపిస్తోందిగానీ ఏడుపు వినపడటం లేదు. అమ్మాయి తండ్రి బయటికొచ్చి బతిమాలితే "ఒక్క పాటండి బాబాయ్‌గారండి, ఒక్క పాట" అన్నారు. ఆ ఒక్క పాట ఎంతకీ అవలేదు.

ఆఖరికి అమ్మాయే పోలీసులకి ఫోన్ చేసింది. జీపు వచ్చింది, బాక్సులు ఆగాయి. జీపు వెళ్లింది, బాక్సులు మళ్లీ మోగాయి. తెల్లారేసరికి ఫోన్ చేసింది ఎవరో ఊరందరికీ తెలుసు. పెళ్లివారి తరఫు పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చుని, "శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే పోలీసుల్ని పంపుతారా? మేం మీకేం అపకారం చేశామండి?" అని నిలదీశారు. ఆ తండ్రి చేతులు జోడించి క్షమించమన్నాడు. చట్టం తప్పినవాళ్లు అరుగు మీద కూర్చున్నారు. చట్టాన్ని అమలు చేయమని అడిగినవాడు నిలబడి దణ్ణం పెట్టాడు. ఆ అమ్మాయి ఇంకోసారి ఫోన్ చేస్తుందంటారా?

పల్లెటూళ్లో పక్కింటివాడితో మనకుండే అవసరాలు ఒకటీ రెండూ కావు. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే బండి తీసేది అతనే. మన చేనికి నీరు రావాలంటే బోదె వదలాల్సిందీ అతనే. చావుకీ పెళ్లికీ ముందు నిలబడేదీ అతనే. అలాంటివాడితో తగువు పెట్టుకునే కన్నా చెవుల్లో దూది పెట్టుకోవడం నయమనుకుంటారు జనం. ఆ చప్పుడు గుడి నుంచో, చర్చి నుంచో, మసీదు నుంచో వస్తోందంటే ఇక చెప్పనక్కర్లేదు. నోరెత్తినవాడి కులం ఏమిటి, మతం ఏమిటి అన్న దగ్గర మాట మొదలవుతుంది. చప్పుడు సంగతి ఎటో పోతుంది. మన జిల్లాల్లో అలాంటి మాట ఎంత త్వరగా అంటుకుంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. అందుకే ఈ పనిని ఊరివాళ్ల మధ్య తగువుగా వదిలేయకండి అంటున్నాను. మీరే చెయ్యాలి, చప్పుడు మొదలవకముందే చెయ్యాలి. లాకుల దగ్గర ఆపాల్సిన నీటిని చేలో దిగాక దోసిళ్లతో తోడలేం కదా.

చట్టం కూడా సరిగ్గా ఇదే చెప్తోంది. 2000వ సంవత్సరం ఫిబ్రవరిలో, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా మైకు పెట్టకూడదు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకూ ఆరుబయట మైకు మోగకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ సడలింపు ఇవ్వదలిస్తే రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా, అదీ రాత్రి పన్నెండు వరకే ఇవ్వచ్చు. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. బహిరంగ స్థలంలో మైకు పెడితే ఆ స్థలం హద్దు దగ్గర కొలిచినప్పుడు ఆ ప్రాంతపు పరిమితికి పది డెసిబెల్స్ కంటే ఎక్కువ ఉండకూడదు, మొత్తం మీద 75 అసలు దాటకూడదు.

ఈ నిబంధనల్ని అమలు చేసే బాధ్యత "అధికారి"దని అందులోనే రాశారు. ఆ అధికారి అంటే జిల్లా మేజిస్ట్రేటు (అంటే కలెక్టరు), పోలీసు కమిషనరు, లేదంటే ఆ పనికి నియమించిన, డీఎస్పీ హోదాకి తగ్గని అధికారి. అంటే మీరే. ఎనిమిదో నిబంధన చదవండి. స్టేషన్ అధికారి రిపోర్టు ఇచ్చినా, ఇంకే విధంగా సమాచారం అందినా, జనానికి ఇబ్బందిగా ఉందని మీకు నమ్మకం కుదిరితే రాతపూర్వక ఆదేశంతో ఆ చప్పుడు ఆపించవచ్చు. ఫిర్యాదుదారు ఒకరు ముందుకొచ్చి నిలబడితేనే అన్న షరతు లేదు. మీ కానిస్టేబుల్ చెవులు చాలు.

సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పు మీ ఆఫీసుల్లో ఉండే ఉంటుంది. ఆ కేసు వేయడానికి కారణమైన సంగతి ఒక్కసారి గుర్తు చేస్తాను. పదమూడేళ్ల ఆడపిల్ల మీద అత్యాచారం జరుగుతుంటే, కాపాడమని ఆమె వేసిన కేకలు చుట్టుపక్కల మోగుతున్న లౌడ్‌స్పీకర్ల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ పిల్ల తర్వాత ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. మైకుతో గొంతు పెంచి వినిపించే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని కోర్టు ఆ తీర్పులో చెప్పింది. ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన హక్కులో భాగమంది. పరిమితి దాటిన లౌడ్‌స్పీకర్లనీ ఆంప్లిఫయర్లనీ స్వాధీనం చేసుకునే ఏర్పాటు రాష్ట్రాలు చేసుకోవాలని కూడా ఆదేశించింది. అంతకు ఐదేళ్ల ముందే, 2000 ఆగస్టులో ఒక చర్చికి సంబంధించిన కేసులో, ఇతరుల ప్రశాంతతని చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని స్పష్టం చేసింది. ఆ మాట గుడికీ మసీదుకీ కూడా వర్తిస్తుంది.

ఇక నా సబ్జెక్టులోకి వస్తాను. మీలో చాలామంది కాలేజీలో చదువుకునే ఉంటారు, అయినా చెప్తాను, ఎందుకంటే 55కీ 105కీ తేడా అంటే ఏదో రెట్టింపు అన్నట్టు అనుకుంటారు. డెసిబెల్ లెక్క అలా నడవదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. ఇరవై పెరిగితే వంద రెట్లు. యాభై పెరిగితే లక్ష రెట్లు. 55 ఉండాల్సిన వీధిలో 105 మోగుతోందంటే లక్ష రెట్ల శక్తి ఆ పెంకుటిళ్ల మీద పడుతోందన్నమాట.

దూరం వెళ్తే తగ్గదా అంటారు. తగ్గుతుంది. ఆరుబయట, దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు డెసిబెల్స్ చొప్పున. పది మీటర్ల దగ్గర 100 ఉంటే ఇరవై దగ్గర 94, నలభై దగ్గర 88, అలా లెక్క వేసుకుంటూ పోతే 640 మీటర్ల అవతల కూడా ఇంకా 64 ఉంటుంది. అంటే ఊరి ఆ చివర పడుకున్న రోగికి కూడా రాత్రి పరిమితి కంటే పంతొమ్మిది ఎక్కువ. పైగా మనది డెల్టా. కొండ లేదు, గుట్ట లేదు, అడ్డం ఏమీ లేదు. రాత్రి పూట కాలవ మీదా తడి చేల మీదా గాలి చల్లబడి, పైన గాలి వెచ్చగా ఉంటుంది. అలాంటప్పుడు పైకి పోవాల్సిన శబ్దం వంగి మళ్లీ కిందికే వస్తుంది. అవతలి గట్టు మీద మాట్లాడుకునే మాటలు ఇవతలి గట్టుకి వినపడేది అందుకే. మామూలు మాటలకే అలా ఉంటే బాక్సుల సంగతి ఊహించండి. లంక గ్రామాల్లో ఉండేవాళ్లని అడగండి, నది అవతలి తీర్థంలో ఏ పాట తర్వాత ఏ పాట వేశారో వరసగా చెప్తారు.

ఇంకో సంగతి, ఇది పోలీసు శాఖ ముఖ్యంగా తెలుసుకోవాలి. మీ మీటర్లు డెసిబెల్ "ఎ" స్కేలు మీద కొలుస్తాయి. చెవికి వినపడే తీరుకి తగ్గట్టు ఆ స్కేలు బేస్‌ని, అంటే మంద్రంగా మోగే శబ్దాన్ని, బాగా తగ్గించి చూపిస్తుంది. 63 హెర్ట్జ్ (సెకనుకి 63 కంపనాలు) దగ్గర 26 డెసిబెల్స్ తగ్గిస్తుంది. డీజే బాక్సుల అసలు బలమంతా అక్కడే ఉంది. గోడలు ఆపలేనిదీ, తలుపుల్ని గడియతో సహా అదిరించేదీ, గుండెల మీద గుద్దినట్టుండేదీ ఆ బేసే. కాబట్టి మీటరు కాస్త అటూ ఇటూగా చూపించినా ఇంట్లో ఉన్న ముసలాయన ఛాతీ మీద పడేది వేరు. "మీటరు ప్రకారం పెద్దగా ఏం లేదండి" అని దయచేసి ఎవరితోనూ అనకండి.

ఈ చప్పుడుకి ఎవరెవరు నలుగుతున్నారో మీ రికార్డుల్లో ఉండదు. పది, ఇంటర్ పరీక్షలు మార్చిలో. మాఘ, ఫాల్గుణాల పెళ్లిళ్లు కూడా సరిగ్గా ఆ చదువుల రోజుల్లోనే. పిల్లలు మేడ మీద ఒక గది నుంచి ఇంకో గదికి పుస్తకాలు మార్చుకుంటూ చదువుతారు, ఆ టెన్షన్ వాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది. బీపీ మాత్రలు వేసుకుని పడుకున్న పెద్దవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. రాత్రి చప్పుడు ఇంటి బయట సగటున 40 డెసిబెల్స్ మించకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కోసం 2009లో సూచించింది. మెలకువ రాకపోయినా నిద్రలో గుండె వేగం పెరుగుతుందని, ఏళ్ల తరబడి అలా సాగితే గుండెజబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యులు చెప్తున్నారు.

నోరులేని జీవాలు కూడా. డీజే వెళ్లిన మర్నాడు పాలవాళ్లని అడగండి. బెదిరిన గేదె చేపదు. దూడని వదిలినా, పొదుగు ఎంత తడిపినా దిగదు. భయపడ్డప్పుడు ఒంట్లో పుట్టే అడ్రినలిన్, పాలు దిగడానికి కావలసిన ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుంది. ఒక పూట పాలు పోవడమంటే రెండు గేదెలతో బతికే ఇంటికి చిన్న సంగతి కాదు.

ఆ బాక్సుల ముందు ఎగిరే కుర్రాళ్ల గురించి నాకు ఇంకా బాధ. వాళ్లలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు మించకూడదన్నది పనిచేసేవారి చెవులు కాపాడటానికి నిపుణులు వాడే లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంట మాత్రమే. వీళ్లు బాక్సుకి మూరెడు దూరంలో గంటల తరబడి ఉంటారు. మర్నాడు చెవులు గుయ్‌మంటున్నాయని నవ్వుతూ చెప్తారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. డీజే ఆపరేటరు కుర్రాడికైతే అది రోజూ ఉండే పని. వాడికి నలభై ఏళ్లు వచ్చేసరికి సొంత పిల్లలు పిలిచినా వినపడని స్థితి వస్తుంది. దానికి అనుమతి పత్రం ఇస్తున్నది మనమే.

"పండగంటే చప్పుడే కదా మాస్టారూ" అని అనేవాళ్లున్నారు. నేనూ గోదావరి వాణ్ణే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లడం నాకూ ఇష్టమే. గంగలకుర్రు ప్రభలు (దేవుణ్ణి నిలిపి అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు) ఎగువ కౌశిక కాలవ నీళ్లలోకి దిగి, పీకల్లోతున మోసుకొస్తుంటే "అశ్శరభ శరభ" అని వందల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. ఒళ్లు పులకరిస్తుంది. అది పెద్ద చప్పుడే. కానీ పట్టపగలు, ఏడాదికోసారి, మనుషుల గొంతుల్లోంచి వచ్చే చప్పుడు. అలసిపోతే ఆగుతుంది. అమ్మవారి గరగలు ఎత్తినప్పుడు డప్పు మోగుతుంది, ఆ వీధి దాటగానే వెళ్లిపోతుంది. పెళ్లిలో సన్నాయి, డోలు వింటుంటే పక్కన కూర్చున్న చుట్టంతో మాట్లాడుకోవచ్చు. ఆ మేళం వాళ్లకి ఇప్పుడు ముహూర్తం దగ్గర ఓ గంట తప్ప పనిలేదు. ఇంట్లో తరతరాలుగా వచ్చిన విద్యని వదిలి పిల్లల్ని వేరే పనుల్లోకి పంపుతున్నారు. సంబరం మీద నాకు కోపం లేదు. సంబరం పేరుతో కరెంటు బలం వాడుకోవడం మీదే నా అభ్యంతరం.

మిగిలిన చప్పుళ్లు కూడా ఉన్నాయి. భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరియేటర్ల కోసం రాత్రంతా జనరేటర్లు నడుస్తాయి. రొయ్య బతకాలంటే తప్పదు, ఒప్పుకుంటాను. కానీ శబ్దం బయటికి రాకుండా డబ్బా కట్టిన జనరేటరు పెట్టమనడం రైతుకి మోయలేని భారమేమీ కాదు, ఇళ్లకి ఆనుకున్న చెరువుల దగ్గరైనా మొదలుపెట్టించవచ్చు. 216వ జాతీయ రహదారి మీదా కాలవ గట్టు రోడ్ల మీదా లారీల ఎయిర్ హారన్లు, సైలెన్సర్లు కోయించుకున్న బుల్లెట్లు. ఎయిర్ హారన్ పెట్టడమే నిబంధనలకి విరుద్ధం. శబ్ద ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత పదివేల దాకా జరిమానా ఉంది. హెల్మెట్ కోసం ఆపినప్పుడే హారన్ కూడా ఒకసారి నొక్కి చూడమంటే సరిపోతుంది.

మళ్లీ మైకుల దగ్గరికే వస్తాను. మీకు వీలుకానిదేమీ నేను అడగడం లేదు. మన ఊళ్లలో ఏ రాత్రి చప్పుడు ఉంటుందో ముందే తెలుసుకోవడానికి ఇంటెలిజెన్స్ విభాగం అక్కర్లేదు, పంచాంగం చాలు. ముహూర్తాలు నెలల ముందే అచ్చులో ఉంటాయి. తీర్థాలు, జాతరలు, నిమజ్జనాలు, క్రిస్మస్, సంక్రాంతి బరులు, అన్నీ తేదీలతో సహా తెలిసినవే. ఆ రోజుల్లో పది గంటలకి ఎవరూ ఫోన్ చేయకుండానే మీ జీపు ఆ వీధిలో ఉండాలి. బాక్సులు ఆపించి వెంటనే వెళ్లిపోకుండా, వైర్లు విప్పి చుట్టేవరకూ ఉండాలి. అప్పుడు ఏ బాలింతా ఏ తండ్రీ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

పర్మిషన్ కాగితం మీద ఇప్పుడు రాసే నాలుగు ముక్కలు చాలవు. ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎన్ని బాక్సులు, ఏ వీధుల్లో, ఏ ఇళ్ల ముందు ఆగకూడదు, హద్దు దగ్గర ఎన్ని డెసిబెల్స్ దాటకూడదు, ఇవన్నీ అందులో ఉండాలి. కార్యక్రమం పెట్టుకున్నవారితోపాటు బాక్సుల యజమాని సంతకం కూడా తీసుకోండి. పెళ్లివారు ఒక్క రాత్రికే, యజమాని సీజనంతా తిరుగుతాడు. నియమం తప్పితే సామాను స్వాధీనం చేసుకుంటారని అతనికి తెలిస్తే, "ఇంకొంచెం పెంచు" అని ఎవరు అడిగినా అతనే వద్దంటాడు. ఆ కాగితం నకలు ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి. ఊరందరికీ పది గంటల సంగతి తెలిశాక, అది ఎవరో ఒకరి కోరికగా కాక అందరికీ ఉన్న ఏర్పాటుగా ఉంటుంది.

ఫోన్ చేసినవారి నంబరు, పేరు స్టేషన్ గడప దాటకూడదు. ఈ ఒక్కటీ మీ సిబ్బందికి గట్టిగా చెప్పండి. దాటితే శాఖాపరంగా చర్య ఉంటుందని చెప్పండి.

నాయకుల సభలకీ ర్యాలీలకీ ప్రభుత్వ కార్యక్రమాలకీ ఇదే నియమం పెట్టండి. మంత్రిగారి సభకి ఆసుపత్రి గోడ పక్కన బాక్సులు కట్టనిచ్చి, పేదవాడి పెళ్లిలో మాత్రం వైర్లు పీకేస్తే ఎవరూ గౌరవించరు. గౌరవించాల్సిన పనీ లేదు. అలాగే తెల్లవారకముందు మోగే అన్ని ప్రార్థనా స్థలాల మైకులనీ ఒకేరోజు, ఒకే మీటింగులో, పెద్దలందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. ఒకరి దగ్గర ముందు, ఒకరి దగ్గర తర్వాత అన్న మాట రాకూడదు.

ఈసారి మాఘం ముహూర్తాలు మొదలయ్యేలోపు ప్రతి సబ్ డివిజన్‌లో డీఎస్పీగారు డీజే, మైక్ సెట్ యజమానులందరినీ పిలిచి ఈ షరతులు చదివి వినిపించాలని కోరుతున్నాను. వాళ్లని వెతకడం కష్టమేమీ కాదు. పేరు, ఊరు, ఫోన్ నంబరు బాక్సుల మీదే పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి.

ఇట్లు,
కోనసీమ నుంచి
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు